వెనక తలుపు దగ్గర నిలబడి చదివిన నవల

ఇద్దరు స్త్రీలు ఒకరినొకరు ప్రేమించుకున్నారు. కలిసి చిన్న హోటలు పెట్టారు, ఒక బిడ్డను పెంచారు. ఊరు వాళ్లను వెలివేయలేదు. అమెరికా రచయిత్రి ఫ్యానీ ఫ్లాగ్ 1987లో రాసిన ‘ఫ్రైడ్ గ్రీన్ టొమాటోస్ ఎట్ ద విజిల్ స్టాప్ కెఫే’ నవలకు గుండెకాయ ఈ కథే. ఆడవాళ్ల మధ్య ప్రేమ కథ మనకెందుకు అని కొందరు అడగవచ్చు. మేమూ మొదట అలాగే అనుకున్నాం. చదివాక ఆ ప్రశ్న మాకే ఎదురు తిరిగింది.

కథ జరిగేది అలబామా రాష్ట్రంలో, రైలు పట్టాల పక్కనున్న ఒక ఊళ్లో. రూత్‌ను భర్త ఫ్రాంక్ కొట్టి హింసిస్తాడు. ఇడ్జీ మనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్లి, గర్భిణిగా ఉన్న రూత్‌ను తీసుకొస్తుంది. ఇడ్జీ తండ్రి ఇదేం సంబంధమని నిలదీయడు. ఇకనుంచి ఆమె బాధ్యత నీదే అని చెప్పి, కూతురికి వ్యాపారం పెట్టుకోడానికి 500 డాలర్లు ఇస్తాడు. అలా 1929లో హోటలు మొదలవుతుంది. రచయిత్రి ఆ ప్రేమకు పేరు పెట్టదు, సంజాయిషీ చెప్పదు. పొద్దున్నే పొయ్యి వెలిగించడం, పిల్లవాడికి తినిపించడం, జబ్బుపడితే పక్కన కూర్చోవడం చూపిస్తుంది. 1991లో వచ్చిన సినిమా ఈ ప్రేమను స్నేహమన్నట్టుగా పలచన చేసింది. నవల ఆ పని చేయలేదు. అది దాని గొప్పతనం.

ఇక వంటింట్లోకి వెళ్దాం. హోటలు ఇడ్జీ, రూత్‌లదే. వండే చేతులు మాత్రం నల్లజాతివాళ్లవి. సిప్సీ, ఆమె పెంచిన కొడుకు బిగ్ జార్జ్, కోడలు ఒన్‌జెల్. వాళ్లు వండినదాన్ని వాళ్ల జాతివాళ్లు లోపల కూర్చుని తినడానికి లేదు. ఇడ్జీ వెనక తలుపు దగ్గర వాళ్లకు అన్నం అమ్ముతుంది. దానికే తెల్లవాళ్లు బెదిరిస్తారు. ఆమె బెదరదు, పైగా వెనక తలుపు దగ్గర ధర కాస్త తగ్గిస్తుంది. ఆ కాలానికి అది ధైర్యమే, కాదనం. కానీ ధర తగ్గింది, తలుపు మారలేదు.

ఉపాధ్యాయ శిక్షణకు మైదానానికి దిగిన రోజుల్లో ఒక హోటల్లో భోజనానికి కూర్చోబోతే, పొట్లం కట్టిస్తాం, బయట తినండి అన్నారు. డబ్బులు మాత్రం అందరి దగ్గరా తీసుకున్నంతే తీసుకున్నారు. అందుకే ఈ నవలను మేము వెనక తలుపు దగ్గర నిలబడి చదివాం.

రూత్ బిడ్డను ఎత్తుకుపోవడానికి వచ్చిన ఫ్రాంక్‌ను ఇనుప పెనంతో కొట్టి చంపింది సిప్సీ. ఆ దెబ్బ లేకపోతే ఆ కుటుంబమే నిలిచేది కాదు. అయినా సిప్సీ ఎవరిని ప్రేమించింది, ఆ రాత్రి తర్వాత ఎంత భయపడింది అన్నవి నవల లోతుగా చెప్పదు. ఆమె మనవల జీవితాలకు కొన్ని అధ్యాయాలు ఇచ్చింది నిజమే. సిప్సీని మాత్రం ఎక్కువగా నమ్మకస్తురాలైన వంటమనిషిగానే ఉంచింది. మన గురించి బయటివాళ్లు రాసిన కథల్లోనూ ఇదే చూస్తున్నాం. అమాయకుడు, విశ్వాసపాత్రుడు అని మెచ్చుకుంటారు. మన మనసులోకి మాత్రం తొంగిచూడరు.

అయితే వేలు ఒకవైపే చూపిస్తే అది విమర్శ కాదు. మన గూడెంలో ఇద్దరు ఆడవాళ్లో, ఇద్దరు మగవాళ్లో జంటగా బతుకుతామంటే మనం ఏం చేస్తాం? పెద్దల్ని కూర్చోబెట్టి తప్పు కట్టిస్తామా? ఇది మన ఆచారం కాదని వెళ్లగొడతామా? ఇష్టపడి కలిసి ఉండే పెద్దవాళ్ల స్వలింగ సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు తీర్పు వచ్చినంత మాత్రాన ఊళ్లో చోటు దొరకదు. ఇడ్జీ తండ్రిలాంటి మనిషి కావాలి. వెనక తలుపు అవమానం తెలిసిన మనం ఇంకొకరికి వెనక తలుపు కూడా లేకుండా చేయడం న్యాయమా?

తోటి ఉపాధ్యాయులు ఈ నవలను పెద్ద పిల్లలతో, యువకులతో చర్చించవచ్చు. రాయాలనుకునే యువతకు మాది ఒక్కటే మాట: ఇడ్జీ, రూత్‌ల ప్రేమను గౌరవంగా చదవండి. తర్వాత సిప్సీ వైపు నుంచి ఆ కథను మళ్లీ చెప్పడానికి ప్రయత్నించండి. మన ఆశ్రమ పాఠశాలల్లో వండిపెట్టే అమ్మల దగ్గర కూర్చుని వాళ్ల కథా అడగండి. అడిగినవాళ్లు ఇప్పటిదాకా చాలా తక్కువ.