గుర్తు, నకలు, బదిలీ: ‘క్వాంటమ్ మెమరీ మేట్రిక్స్’ పరికల్పన – ఒక విమర్శ

రాజమహేంద్రవరం పరిసర క్వారీలలో బసాల్టు లావా పొరల నడుమ సున్నపురాయి పొరలున్నాయి. వాటిలోని ఫొరామినిఫెరా అనే సూక్ష్మ సముద్రజీవుల శిలాజాల ఆధారంగా, దక్కన్ లావా ఉద్గారాల ప్రధాన దశ క్రిటేషియస్ యుగాంతానికి సమీపంలో ముగిసిందని గెర్టా కెల్లర్ బృందం 2008లో ప్రతిపాదించింది. శిల గతానికి గుర్తును నిలుపుకొంటుందనడానికి గోదావరి ప్రాంతం చూపే నిదర్శనమిది. శిలే కాదు, స్థలకాలమే గతాన్ని నిలుపుకొంటుందని చెప్పే పరికల్పన ‘క్వాంటమ్ మెమరీ మేట్రిక్స్’. ఫ్లోరియన్ న్యూకార్ట్, ఆయన సహరచయితలు దీనిని 2024లో ‘ఎంట్రొపీ’ పత్రికలో ప్రతిపాదించారు.

దీని ప్రకారం స్థలకాలం అవిచ్ఛిన్నం కాదు. ప్లాంక్ పొడవు, అంటే సుమారు 1.6×10⁻³⁵ మీటర్ల స్థాయి గల కణికల సముదాయం. ప్రతి కణికకూ పరిమితమైన జ్ఞాపకశక్తి ఉంటుంది. తనతో చర్య జరిపిన క్షేత్రాల ముద్రను అది గ్రహిస్తుంది. కృష్ణబిలంలో పడిన పదార్థపు సమాచారం ఈ ముద్రలలో నిలిచి, తరువాత వికిరణంలోకి చేరుతుంది. 1976లో స్టీఫెన్ హాకింగ్ లేవనెత్తిన సమాచార నష్ట సమస్యకు ఇది వారు చూపిన పరిష్కారం. సమాచారం ఎక్కడ ఉంటుందన్న ప్రశ్నకు నిర్దిష్టమైన చోటు చూపడం ఈ పరికల్పన సుగుణం.

అయితే ‘ముద్ర’ అనే మాట ఇక్కడ నిశితమైన పరీక్షకు నిలవాలి. శిలాజం జీవి ఉనికిని తెలుపుతుంది గాని దాని పూర్తి స్థితిని తిరిగి ఇవ్వదు. క్వాంటమ్ సిద్ధాంతం కోరేది ఆ పూర్తి స్థితినే. తెలియని క్వాంటమ్ స్థితికి నకలు తీయడం అసాధ్యమని వుట్టర్స్, జూరెక్ 1982లో నిరూపించారు. కాబట్టి ముద్ర నకలు కాజాలదు. అది బదిలీ అయితే, క్షితిజాన్ని దాటే వస్తువు అక్కడే తన సమాచారాన్ని కోల్పోవాలి. స్వేచ్ఛగా పడే వస్తువుకు క్షితిజం వద్ద విశేషమేదీ తోచదన్న తుల్యతా సూత్రంతో ఇది పొసగదు. ముద్ర క్షితిజం లోపల పడితే, కాంతికే సాధ్యం కాని నిష్క్రమణ దానికెలా సాధ్యమో వివరించాలి. ముద్రను కణికకూ క్షేత్రానికీ నడుమ చిక్కుబంధంగా భావిస్తే, సమాచారం రెండింటికీ ఉమ్మడి. కణిక ఒక్కదాని నుంచి దానిని పూర్తిగా రాబట్టలేరు.

క్వాంటమ్ కంప్యూటర్‌పై క్యూబిట్లను కణికలుగా భావించి, ముద్రణనూ పునరుద్ధరణనూ జరిపి చూపవచ్చు. ఆ సాఫల్యం రూపొందించిన వలయం విపర్యయశీలమని రుజువు చేస్తుంది. స్థలకాలం అలాగే ప్రవర్తిస్తుందని రుజువు చేయదు. ముద్ర నకలా, బదిలీయా, చిక్కుబంధమా అన్నది క్షితిజం సమీపంలోనే గణితపరంగా తేలవలసి ఉంది. అంతవరకు ఈ పరికల్పన సమస్యకు కొత్త స్థానాన్ని చూపినదే గాని, దానిని పరిష్కరించినది కాదు.