బృహస్పతి ఎలక్ట్రానుల కథ: చెప్పెడి తీరుపై విమర్శ

బృహస్పతి గ్రహమునుండి వెలువడు ఎలక్ట్రానులు గ్రహాంతర ప్రదేశమంతట వ్యాపించుచున్నవను సంగతిని పాఠకులకు తెలుపువారు సాధారణముగా ఒక్క వాక్యముతో సరిపుచ్చుదురు: దానిని 1973లో పయొనీర్-10 అను అమెరికా వ్యోమనౌక కనుగొనెనని. ఈ వాక్యము అసత్యము కాదు, కాని అసమగ్రము. అందువలన కలుగు నష్టము పరిశీలింపదగియున్నది.

మొదట విషయ స్వరూపము. బృహస్పతి సూర్యునికి సుమారు 78 కోట్ల కిలోమీటర్ల దూరమున నున్నది. పది గంటలకు లోపుగనే ఒకమారు తన చుట్టు తాను తిరుగును. దాని అయస్కాంతావరణము గ్రహములన్నింటి ఆవరణములకంటె పెద్దది. అందు ఎలక్ట్రానులు కాంతివేగమునకు చేరువైన వేగమును పొందును. కొన్ని తప్పించుకొని వెలుపలికి వచ్చును. వచ్చినవి తిన్నని దారిని పోజాలవు. సూర్యుని భ్రమణమువలన సౌరపవనము కొనిపోవు అయస్కాంత రేఖలు సుడివలె వంగియుండును. ఈ స్వరూపమును 1958లో యూజీన్ పార్కర్ ప్రతిపాదించెను. ఎలక్ట్రానులు ఆ రేఖలవెంట సులభముగను, రేఖలకు అడ్డముగ కష్టముతోను ప్రయాణించును. కావున భూమిని, బృహస్పతిని ఒకే రేఖ కలుపునప్పుడు భూమికడ వాని రాక హెచ్చును. అట్టి అనుకూలస్థితి 399 దినములకు, అనగా సుమారు 13 మాసములకు ఒకమారు ఏర్పడును.

ఇక కథనమును చూతము. 1963 నవంబరులో ప్రయోగింపబడిన ఐ.ఎం.పి.-1 ఉపగ్రహము భూమి పరిసరముననే 30 లక్షలనుండి 1 కోటి 20 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిగల ఎలక్ట్రానులను నమోదు చేసెను. 1964లో మెక్డొనాల్డ్, లుడ్విగ్ ప్రభృతులు ఆ ఫలితములను ప్రకటించుచు వానిని విశ్వకిరణములలోనివిగ పరిగణించిరి. తరువాతి సంవత్సరములలో మరియొక విశేషము కానవచ్చెను. సూర్యుడు ప్రశాంతముగ నున్న దినములలో ఈ కణములు హెచ్చుచుండెను. శాస్త్రజ్ఞులు దీనికి ‘ప్రశాంతకాలపు పెరుగుదల’ యని పేరిడిరి. ఈ నామకరణము మెచ్చదగినది. కారణము తెలియనిచోట వారు కనబడినదానికి మాత్రమే పేరిడిరి.

1973 డిసెంబరులో పయొనీర్-10 బృహస్పతిని సమీపించెను. గ్రహమును చేరకపూర్వమే ఎలక్ట్రానులు గుంపులుగ దానికి ఎదురయ్యెను. వాని హెచ్చుతగ్గులలో బృహస్పతి భ్రమణకాలమైన పది గంటల లయ యున్నదని చెనెట్, కాన్లన్, సింప్సన్ అనువారు 1974లో చూపిరి. అదే సంవత్సరమున టీగార్డెన్, మెక్డొనాల్డ్ ప్రభృతులు భూమికడ ఉపగ్రహములు సేకరించిన పాత లెక్కలను మరల చదివిరి. 13 మాసముల ఆవృత్తి అందు అంతకుముందే నమోదై యుండెను.

‘పయొనీర్ కనుగొనెను’ అను వాక్యము ఈ పునఃపఠనమును మరుగుపరచుచున్నది. దూరము పోయినవారికే జ్ఞానము లభించునని బాలురు దానివలన నేర్తురు. అట్లని పాత లెక్కలే చాలునని వాదించుటయు అతిశయోక్తియే. పది గంటల లయ వినబడిన పిదపనే 13 మాసముల లయను వెదకవలెనని తోచెను. రెండు సాక్ష్యములను కలిపి చెప్పినప్పుడే కథ నిండుకొనును.

రెండవ దోషము ‘శూన్యము’ అను మాట. గ్రహాంతర ప్రదేశమును శూన్యమని చెప్పిన యెడల, ఎలక్ట్రానులకు దారి చూపునదేదో, అడ్డుపడునదేదో విద్యార్థికి బోధపడదు. వడిగల సౌరపవనము మందగమనముగల పవనమును వెనుకనుండి తాకినచోట అయస్కాంత క్షేత్రము దట్టమై, బృహస్పతి ఎలక్ట్రానుల నడకను ఆటంకపరచును. ఇట్టి చోటును శూన్యమనుట తగదు. ‘గ్రహాంతర ప్రదేశము’ అను పేరే నిర్దుష్టము. బృహస్పతి యున్న చోటు తెలిసినదగుటచే, ఈ కణములు రేఖలకు అడ్డముగ ఎంతవరకు వ్యాపింపగలవో లెక్కించుటకు అది శాస్త్రజ్ఞులకు తోడ్పడుచున్నది. 1992 ఫిబ్రవరిలో బృహస్పతిని దాటిపోయిన యులిసిస్ నౌక కొలతలును ఈ విచారణకు ఉపకరించినవి.

తాళపత్రములను, పాత దస్తావేజులను పెట్టెలలో భద్రపరచుకొన్న తెలుగు కుటుంబములు ఆంధ్రదేశమునకు వెలుపలను గలవు. భద్రపరచినదానిని క్రొత్త ప్రశ్నతో మరల చదువవలెనను మాట వారికి క్రొత్త కాదు. తెలుగు పాఠములలో ఈ ఎలక్ట్రానుల కథను చెప్పువారు 1973తోపాటు 1964ను కూడ చెప్పుదురుగాక.