ఎడిటరు చెయ్యి

మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో బతుకంతా గడిపిన పెద్దాయన ఒకరు తన జ్ఞాపకాలు రాసి తెచ్చారనుకోండి. మంచి ఎడిటరు వెంటనే ఎర్రపెన్ను తీయరు. ముందు మొత్తం చదువుతారు. నాలుగో అధ్యాయంలోని రాత్రి డ్యూటీతోనే పుస్తకం మొదలవ్వాలనిపిస్తే ఆ మాట చెబుతారు. కూర్పు కుదరకముందే అచ్చుతప్పులు దిద్దించడం డబ్బు దండగ, రేపు ఆ పేజీయే ఎగిరిపోవచ్చు.

తర్వాత వాక్యం. ‘డ్యూటీకి వెళ్ళుట జరిగినది’ అని ఉంటే ‘డ్యూటీకి పోయిన’ అని మారుస్తారు. ‘గట్లనే అన్నడు’ అని ఉంటే ముట్టుకోరు. అది ఆయన గొంతు. చెయ్యి ఎక్కడ ఆపాలో తెలియడమే ఈ పనిలో అన్నిటికన్నా గొప్పదని నా నమ్మకం.

చివరికి ప్రూఫులు. ‘బాధ’ ‘భాద’ అయినా, 1974 మే నాటి రైల్వే సమ్మె 1975లో పడినా దొరికిపోవాలి.

వేమన పద్యాల రాతప్రతులు సేకరించి, పోల్చి చూసి, సి.పి. బ్రౌన్ 1829లో అచ్చు వేయించాడు. ఆ ఓపిక మన పుస్తకాలకు ఇప్పటికీ కావాలి.

మీరు రచయితలైతే, రాతప్రతి ఎడిటరు చేతికిచ్చి ‘కాస్త చూడండి’ అని ఊరుకోకండి. కొన్ని పేజీలు నమూనాగా దిద్దించుకోండి, ఏ పని కావాలో తేల్చుకోండి, తగిన డబ్బివ్వండి. ఎడిటరు పేరు పుస్తకంలో వేయండి.