పెళ్ళి అప్పు తీర్చేదెవరు?

షేక్స్‌పియర్ ‘వెనిస్ వర్తకుడు’ పాఠం చెప్పేటప్పుడు తిరుమల కొండకింది ఊళ్ళ పిల్లలకు అప్పు సంగతి నేను వివరించనక్కరలేదు. పద్మావతితో పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పు చేసిన వడ్డికాసులవాడి కథ వాళ్ళకు ఉగ్గుపాలతో వచ్చింది.

రెండు కథల్లోనూ అప్పు పెళ్ళికొడుకు కోసమే, భారం మరొకడిది. బసానియోకు మూడువేల డ్యూకట్లు, పూచీపడ్డ ఆంటోనియోకు మాంసం కోత. ఇక్కడ ఆ వడ్డీకి చెల్లేది హుండీలో పడే భక్తుడి ముడుపేనని జనవిశ్వాసం. తేడా అంతా ఋణదాతలో ఉంది. కుబేరుడు దిక్పాలకుడుగానే మిగిలాడు. యూదుడైన షైలాక్ మతం మార్చుకోవలసి వచ్చింది. పోర్షియా దయోపన్యాసాన్ని కంఠస్థం చేయించే మనం, ఆ తీర్పులో దయ ఎంతో అడగం.

అలాగని వడ్డీని సమర్థించలేం. అక్క పెళ్ళికి పొలం తాకట్టుపడిన ఇంటి కుర్రవాడొకడు “దయతో అప్పు తీరుతుందా సార్?” అన్నాడు. విమర్శ మొదలు కావలసింది ఆ ప్రశ్నతోనే.