ఫైలు ఉన్నదా, లేదా? – ఒక చిన్న ఆజ్ఞపై విమర్శ

ఎర్రుపాలెం స్టేషను కాజీపేట – విజయవాడ రైలు మార్గములో ఉన్నది. జమలాపురం వేంకటేశ్వరస్వామి దర్శనమునకు పోదలచిన యాత్రికుడు, “ఈ దారిలో ఎర్రుపాలెం ఉన్నదా?” అని అడిగి, “ఉన్నది” అను జవాబు విని రైలెక్కినచో చాలదు. ఆ రైలు అక్కడ ఆగునో లేదో కూడ తెలిసికొనవలెను. జవాబు నిజమే, ప్రశ్నయే చాలలేదు. షెల్ స్క్రిప్టులు రాయుట నేర్చుకొను విద్యార్థికి ఎదురగు చిక్కు ఇటువంటిదే.

కంప్యూటరుకు ఇచ్చు ఆజ్ఞలను వరుసగా రాసి ఉంచిన పత్రమే షెల్ స్క్రిప్టు. 1979లో వెలువడిన ఏడవ యూనిక్స్‌లో స్టీఫెన్ బోర్న్ రచించిన షెల్‌తోపాటు ‘టెస్ట్’ అను ఆజ్ఞ కూడ ఉన్నది. నేడు దీనికి ‘ఇ’ గుర్తు తగిలించినచో ఆ పేరుతో ఏదైనా ఉన్నదా అనియు, ‘ఎఫ్’ తగిలించినచో అది సాధారణమైన ఫైలా అనియు, ‘డి’ తగిలించినచో డైరెక్టరీయా అనియు చూచి చెప్పును. అవునన్నచో 0, కాదన్నచో 1, ప్రశ్నయే తప్పుగా ఉన్నచో అంతకు మించిన అంకె ఇచ్చును. ఇంత క్లుప్తత మెచ్చదగినదే. కాని ఆ క్లుప్తతలోనే మూడు లోపములు దాగి ఉన్నవి.

మొదటిది: ఫైలు పేరును ఒక చలరాశిలో ఉంచి, దానిని ఉద్ధరణ చిహ్నముల మధ్య పెట్టక అడిగినామనుకొందము. చలరాశి ఖాళీగా ఉన్నచో పేరు మాయమై, ‘ఎఫ్’ గుర్తు ఒక్కటే మిగులును. టెస్ట్ దానిని గుర్తుగా గాక వట్టి పదముగా ఎంచి, పదము ఖాళీగా లేదు గనుక “అవును” అనును. లేని ఫైలు ఉన్నట్లయినది! పేరు చుట్టు ఉద్ధరణ చిహ్నములుంచినచో ఈ ప్రమాదము తప్పును.

రెండవది: “లేదు” అను ఒక్క మాటకు పెక్కు అర్థములున్నవి. ఫైలు నిజముగా లేకపోవచ్చును. దారిలోని డైరెక్టరీలో ప్రవేశించుటకు అనుమతి లేకపోవచ్చును. లేదా పేరు ఒక లంకెదై, ఆ లంకె చూపు చోట ఏమియు ఉండకపోవచ్చును. కనబడనిదంతయు లేనిదనుకొనుట శాస్త్రదృష్టి కాదు.

మూడవది: ప్రశ్నకు, పనికి నడుమ కాలము గడచును. ఆ క్షణములో మరియొక ప్రోగ్రాము ఆ ఫైలును సృష్టింపవచ్చును, తుడిచివేయవచ్చును. జవాబు గతమును గూర్చినది, పని వర్తమానములోనిది.

ఈ లోపములు పుస్తకములకే పరిమితమైనవి కావు. 2015 జనవరిలో లైనక్స్‌పై నడచు ‘స్టీమ్’ అను ఆటల ప్రోగ్రాములో ఒక స్క్రిప్టు, చలరాశి ఖాళీ అయినందున తన డైరెక్టరీకి బదులు మూలమునుండియే ఫైళ్లను తుడువసాగెను. ఒక వాడుకదారు సొంత ఫైళ్లన్నియు పోయినవి. తుడుచు వాక్యమునకు పైననే, అది భయము గొల్పునదని రాసినవారే వ్యాఖ్య ఉంచిరి. పరీక్ష మాత్రము ఉంచలేదు. అక్కడ “డైరెక్టరీ ఉన్నదా?” అని అడిగినను ప్రయోజనము లేకుండెడిది. మూల డైరెక్టరీ ఎల్లప్పుడు ఉండునుగదా! అడుగవలసినది, “ఇది నా డైరెక్టరీయేనా?” అని.

మూడవ లోపమునకు రైలువారి పద్ధతి మంచి ఉపమానము. ఒంటి పట్టాల మార్గములో పూర్వము డ్రైవరు దారి ఖాళీయా అని తొంగిచూచి బయలుదేరెడివాడు కాడు. స్టేషనులో టోకెను చేతికందిన పిదపనే కదలెడివాడు. ఒక సెక్షనుకు ఒకేసారి ఒక్క టోకెనే బయటకు వచ్చెడిది. డైరెక్టరీని సృష్టించు ‘ఎమ్‌కెడిర్’ ఆజ్ఞ అట్టిదే. ఇద్దరు ఒకేమారు ఒకే పేరుతో ప్రయత్నించినను ఒక్కరికే ఫలించును. పరీక్షయు, పనియు అక్కడ ఒక్కటే.

కావున టెస్ట్ ఆజ్ఞను నిరాకరింప పనిలేదు. ముందుగా హెచ్చరించుటకు అది మంచి సాధనము. భద్రతకు హామీ మాత్రము కాదు. పాఠశాలలోని మార్కుల ఫైలుకు నకలు తీయు స్క్రిప్టు రాయించునపుడు, “ఉన్నదా?” అని అడుగుటతో పాఠము ముగింపరాదు. నకలు తీయు ఆజ్ఞ ఫలించినదా అని కూడ చూడ నేర్పవలెను. ఖాళీ పేరు, అనుమతి లేని డైరెక్టరీ, తెగిన లంకె – ఈ మూడింటిని విద్యార్థులచేతనే కల్పింపజేసి, జవాబులను నల్లబల్లపై రాయించినచో, ప్రశ్న అడుగుట ఎంత కష్టమో వారికే బోధపడును.