చిప్పను చూచి పెట్టిన పేర్లు

ఒకే చెరువులో ఏరిన రెండు ఆల్చిప్పలు అచ్చముగా ఒకే తీరున ఉండవు. ఒకటి పొడవు, ఒకటి పొట్టి. ఒకటి పలుచన, ఒకటి దళసరి. ఇవి రెండు జాతులా, లేక ఒకే జాతికి చెందిన రెండు ప్రాణులా? ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పినచో ఏమగునో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జూల్ రెనె బూర్గిన్యా (1829–1892) రచనలు తెలుపుచున్నవి.

యూరపు ఆల్చిప్పలపై ఆయన 1880–81లో ప్రకటించిన గ్రంథము వెనుక గొప్ప శ్రమ కలదు. కంటి అంచనాకు బదులు కొలతలను తెచ్చుట మెచ్చదగినదే. లోపము కొలతలలో లేదు, వాటినుండి తీసిన నిర్ణయములో ఉన్నది. మూడు స్థిర లక్షణములు భిన్నమైనచో జాతియు భిన్నమేనని ఆయన సూత్రము. కాని చిప్ప ఆకారము నీటి వడిని, అడుగు మట్టిని, ఆహారమును, వయస్సును బట్టి మారును. ఒకే వరి విత్తనమును మెరకలోను పల్లములోను చల్లి, పైరు ఎత్తులో తేడా చూచి రెండు వంగడములని ఏ రైతైనను అనునా?

ఫలితముగా పేర్లు పుట్టగొడుగులవలె పుట్టినవి. లినేయస్ 1758లోనే గుర్తించిన అనొడాంటా సిగ్నియా, అనొడాంటా అనటీనా అను రెండు జాతులకే ఆయనయు ఆయన అనుయాయులును వందలాది పేర్లు పెట్టిరి. ముందు పెట్టిన పేరే చెల్లునను నియమము ఉన్నందున, తరువాతివారు ప్రతి పేరును పరిశీలింపక తప్పదు. అంతేకాదు, ఒక సామాన్య జాతి పది పేర్లతో పది అరుదైన జాతులుగా కనిపించును. నిజముగా అంతరించుచున్న జాతి ఆ గుంపులో మరుగుపడును.

ఆర్నాల్డ్ ఆర్ట్‌మన్ 1912లో చిప్పను దాటి లోపలి ప్రాణిని పరిశీలించెను. గుడ్లను ఏ మొప్పలు మోయును, పిల్ల రూపమెట్టిది అనునవి వర్గీకరణకు ఆధారములైనవి. నేడు వాటికి డి.ఎన్.ఏ. తోడైనది.

అయితే అన్నిటిని ఒక్కటిగా కలిపివేయుటయు పొరపాటే. యూనియో క్రాసస్ అను ఒకే పేరు క్రింద పెక్కు జాతులు దాగియున్నవని డి.ఎన్.ఏ. పరిశోధనలు తేల్చినవి. బూర్గిన్యా 1856లో పెట్టిన యూనియో గొంటియేరీ అను పేరు నేడును చెల్లుచున్నది. ఆయన కన్ను సూక్ష్మమైనదే; కొరవడినది పరీక్ష.

పేరు తుది తీర్పు కాదు, పరీక్షకు నిలువవలసిన ప్రతిపాదన. ఉపాధ్యాయులు ఒకే చెరువులోని ఇరువది ఖాళీ చిప్పలను కొలిపించి, వరుసగా పేర్పించవచ్చును. రెండు కొసలను మాత్రమే చూచిన విద్యార్థికి రెండు జాతులు తోచును; నడుమ ఉన్నవానిని కూడ చూచినచో గీత ఎక్కడ గీయవలెనో తోచదు. వర్గీకరణలో మొదటి పాఠము అదియే.