క్లాసు గది నుంచి రాజ్యసభ దాకా: సినారె పనితనం

హైదరాబాద్ లక్డీకాపూల్‌లో బస్సు దిగితే రవీంద్రభారతి పక్కనే ఉంటుంది. నాంపల్లి వైపు నడిస్తే పబ్లిక్ గార్డెన్స్‌లో తెలుగు విశ్వవిద్యాలయం పాత ప్రాంగణం వస్తుంది. ఆబిడ్స్ దాకా పోతే తిలక్ రోడ్డులో సారస్వత పరిషత్తు ఉంటుంది. మొదటిది కవి డాక్టర్ సి. నారాయణరెడ్డి (సినారె) లెక్కలేనన్ని సభల్లో మాట్లాడిన వేదిక. ఆ విశ్వవిద్యాలయానికి ఆయన 1989 నుంచి 1992 వరకు వైస్ ఛాన్సలర్. మూడోదానికి ఏళ్ల తరబడి అధ్యక్షుడు. ఇన్ని పదవుల మధ్య ఆయన అసలు వృత్తి పాఠం చెప్పడమని మనం మరిచిపోతుంటాం.

సిరిసిల్ల దగ్గర హనుమాజీపేటలో 1931లో పుట్టారు. నిజాం కాలపు పిల్లాడు కాబట్టి డిగ్రీ దాకా చదువు ఉర్దూ మాధ్యమమే. అలాంటివాడు ఉస్మానియాలో తెలుగు ఆచార్యుడయ్యాడు. 1962లో డాక్టరేట్ తెచ్చిన సిద్ధాంత గ్రంథానికి ఎంచుకున్న విషయం ఆధునికాంధ్ర కవిత్వంలో సంప్రదాయాలు, ప్రయోగాలు. తర్వాత కవిగా చేసిన పనికి అది ముందస్తు ప్రణాళికలా కనిపిస్తుంది నాకు. 1957 నాటి ‘కర్పూర వసంతరాయలు’ మాత్రాఛందస్సులో సాగే గేయకావ్యం. జ్ఞానపీఠం తెచ్చిన ‘విశ్వంభర’ (1980) వచన కవిత. ఒకే కవి రెండు దారుల్లోనూ నడిచారు.

పనితనం దగ్గరగా చూడాలంటే మాత్రం ఆయన తెలుగు గజళ్ల దగ్గర ఆగాలి. గజల్‌లో ప్రతి షేర్ (రెండు పాదాల చరణం) చివరా మారకుండా వచ్చేది రదీఫ్. దానికి ముందు ప్రాస కలిసే మాట కాఫియా. మొదటి షేర్ మత్లాలో రెండు పాదాలకూ ఈ జోడీ ఉండాలి. ఆ తర్వాత రెండో పాదానికి ఉంటే చాలు. మన పద్యానికి ప్రాస పాదంలో రెండో అక్షరం మీద కూర్చుంటుంది. గజల్ దాన్ని కొసకు తెమ్మంటుంది. పైకి చూస్తే తెలుగుకు ఇది పరాయి బిగింపే. కానీ తెలుగు వాక్యం అసలు సంగతిని చివరిదాకా దాచి పెడుతుంది కదా! క్రియో, చిన్న ప్రశ్నో కొసనే పడుతుంది. సినారె ఆ కొసనే రదీఫ్ చేసుకున్నారు. అందుకే ఆయన గజల్‌లో వాక్యం మెలిక పడదు, మాట్లాడినట్టే ఉంటుంది. చివరి షేర్‌లో కవి తన పేరు చెప్పుకునే ఆనవాయితీకి ‘సినారె’ అన్న మూడక్షరాలు అచ్చంగా అమరాయి. పైగా తానే పాడేవారు. సభలో రెండో షేర్‌కల్లా జనానికి రదీఫ్ పట్టుబడేది, ఆపైన వాళ్లే అందుకునేవారు. మంచి మాస్టారు పాఠం చెప్పే తీరు కూడా ఇదే.

ఈ అంత్యప్రాస మోజు ఆయన వచన కవితలోకీ, ఉపన్యాసంలోకీ పాకింది. కొన్నిచోట్ల ప్రాస ముందు నడిచి, అర్థం వెనక వచ్చిన మాట నిజం. అభిమానులకు ఈ మాట నచ్చకపోవచ్చు.

ఇక పదవుల సంగతి. 1997 ఆగస్టులో రాష్ట్రపతి ఆయన్ను రాజ్యసభకు నామినేట్ చేశారు. సాహిత్యం, విజ్ఞానం, కళలు, సమాజ సేవ రంగాల నుంచి తీసుకునే పన్నెండు మందిలో ఒకరు. నియోజకవర్గం లేదు, ప్రచారం లేదు. 2003 దాకా ఆరేళ్లు అక్కడ కూర్చున్నారు. అప్పటికే అధికార భాషా సంఘం అధ్యక్షుడిగా, సార్వత్రిక విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా భాషనూ చదువునూ రెండువైపుల నుంచీ చూసినవాడు. కాలేజీకి పోలేనివాళ్ల ఇంటికే పాఠం చేర్చే ఆ విశ్వవిద్యాలయంలో చేసిన పని, నా లెక్కలో, రాజ్యసభ సభ్యత్వం కంటే బరువైనది.

పదవీకాలం ముగిశాక మళ్లీ తిలక్ రోడ్డు సభలే. ఏటా పుట్టినరోజుకు కొత్త పుస్తకం తేవడం మానలేదు. 2017 జూన్ 12న కన్నుమూశారు.